గూడుబండి - రాతిపలక

చేతితో చేసిన వస్తువంటే నేడు నాగరికులకు కొత్తగా మక్కువ పుట్టుకొచ్చింది. నగరాలలో జరిగే హస్తకళా ప్రదర్శనలలో వెదురుబుట్టలు, కొయ్యగరిటెలు, అద్దాల రవికెలు, తోలుబొమ్మలు కొనేవారికి కొరత లేదు. మరొకవంక, చక్రాలపై తిరిగే ఇల్లు కూడ ముచ్చటగొలిపే వస్తువయింది. పడక, పొయ్యి, కిటికీ తెరలు అమర్చిన మోటారుబండిలో ఊరూరా తిరగడం విలాసయాత్రలలో ఒక విధంగా స్థిరపడింది. కేరళ ప్రభుత్వం 2021లో ఇట్టి బండ్లయాత్రకు ఒక పథకాన్నే ప్రకటించింది. ఈ రెండు మక్కువలూ తప్పుపట్టదగినవి కావు. యంత్రం చేసిన వేయి వస్తువులకు ఒకదానికొకటి తేడా ఉండదు. చేయి చేసిన రెండు వస్తువులు ఎన్నడూ ఒకటి కావు. నాలుగు గోడల మధ్య కాలం గడిపేవానికి దారివెంట బ్రతకడం వేడుకగా తోచడమూ సహజమే. అయితే ఆ వస్తువును చేసిన చేయి ఎవరిది, ఆ బండిలో తిరిగినవారు వేడుకకు తిరిగారా, గత్యంతరం లేక తిరిగారా అన్న విచారణ ఈ మక్కువ వెంట సాధారణంగా రావడం లేదు. అది లేని కళాభిమానం సగం కళాభిమానమే.

ఈ విచారణకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం చక్కని క్షేత్రం. నల్లమల, వెలిగొండ కొండల నడుమా, వాటి పాదాలవద్దా పరుచుకొని ఉన్న ఈ సీమ చిరకాలం కర్నూలు జిల్లాలో భాగంగా ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. వాన తక్కువ, మెట్టసేద్యం ఎక్కువ. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర కాలాన నిర్మించిన కంభం చెరువు ఒక్కటే ఈ నేల దాహాన్ని పూర్వులు ఎంతగా గుర్తించారో చెప్పగలదు. నీరు తక్కువైన చోట జనం కదలక తప్పదు. రాయి ఎక్కువైన చోట రాతిపని పుట్టక తప్పదు. ఈ సీమ చరిత్రలో బండికీ, పలకకూ ప్రాముఖ్యం వచ్చింది ఇందువల్లనే.

సముద్రతీరాన పండిన ఉప్పు మెరకసీమలకు ఎక్కాలంటే కొండల మధ్య కనుమలే దారి. గిద్దలూరునుండి పడమటగా నంద్యాల వైపు సాగే నందికనుమ అట్టి దారులలో పేరెన్నిక గన్నది. శ్రీశైల యాత్రికులకు దోర్నాల ముఖ్యమైన మజిలీ. త్రిపురాంతకం ఆ క్షేత్రానికి తూర్పుద్వారమని ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్ది చివర గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం గిద్దలూరు, కంభం మీదుగా పడేవరకు ఈ దారులలో సరుకుకు ఎద్దు వీపే ఆధారం, మనిషికి తన కాళ్లో, బండియో ఆధారం. దినాల తరబడి సాగే ప్రయాణంలో దారే ఇల్లు కావలసి వచ్చేది.

తెలుగునాట చక్రాలమీది ఇల్లంటే గూడుబండి. వెదురుబద్దలను విల్లువలె వంచి, వాటిపై తడికలు కప్పి, బండి తొట్టిమీద గూడు నిలిపేవారు. లోపల ఎండుగడ్డి మందంగా పరచి, దానిపై జంపఖానా వేస్తే అది పగలు కూర్చుండే తావు, రాత్రి పడక. ఆ గడ్డే మజిలీలో ఎడ్లకు మేత. ఇరుసు కింద వేలాడే లాంతరు చీకటిదారికి దీపం. బండి నిలిపినప్పుడు మూడు రాళ్లు పెట్టి వండుకుంటే అదే వంటిల్లు. బండి నీడ ఎక్కడ పడితే అక్కడ వసారా. పెళ్లివారు, తిరునాళ్లకు పోయేవారు, పుట్టింటికి పోయే ఆడపడుచు, పురుడు పోసుకొని అత్తవారింటికి తిరిగివచ్చే బాలెంత - ఎందరి సంతోషాలనో, దుఃఖాలనో ఆ గూడు మోసింది.

ఈ బండి ఏ ఒక్కరి సృష్టీ కాదు. తుమ్మకొయ్యను ఏరి, చక్రానికి నడిమి కుండను, ఆకులను, అంచుకు వంపుతిరిగిన ముక్కలను చెక్కి కూర్చేవాడు వడ్రంగి. ఇనుపపట్టాను చక్రంకంటే రవంత తక్కువ చుట్టుకొలతకు అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, వెంటనే నీరు చల్లి బిగించేవాడు కమ్మరి. పట్టా ఏ మేకు సాయమూ లేకుండా, చల్లారేటప్పుడు తానే ముడుచుకొని, కొయ్యముక్కలన్నిటినీ ఒక్కటిగా బిగదీస్తుంది. లోహం వేడికి వ్యాకోచిస్తుందన్న పాఠాన్ని శాస్త్రగ్రంథం చదువని కమ్మరి తన కొలిమివద్ద నిత్యం నిరూపించేవాడు. గూడు అల్లేవాడు మేదరి. గడ్డిని కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు కందెన సిద్ధం చేసుకునేవాడు రైతు. ఇందులో ఏది చెడినా దారిలోని ఏదో ఒక ఊళ్లో బాగుచేసే చేయి దొరికేది.

చేతిపని అందానికి మూలం ఇక్కడ ఉన్నది. వస్తువు నునుపులోనో, రంగులలోనో మాత్రమే అందం ఉన్నదనుకోవడం పొరపాటు. చేసినవానికీ వాడుకునేవానికీ ముఖపరిచయం ఉండడం, చెడితే పారవేయక బాగుచేసుకోగలగడం, ఒకరి పని మరొకరి పనితో అతికినట్లు కుదరడం - ఇవన్నీ కలిసి ఆ వస్తువుకు సొగసు తెస్తాయి. ప్రదర్శనశాలలో అద్దాల వెనుక ఉంచిన బండిచక్రం చూడముచ్చటగానే ఉంటుంది. కాని అది కందెన మరచిన చక్రం.

మనుష్యులకే కాదు, దేవునికి కూడ తెలుగువారు చక్రాల ఇల్లు కట్టారు. మార్కాపురంలోని లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం ఈ సీమకు తలమానికం. ఉత్సవవేళ స్వామి రాతిగుడిని విడిచి కొయ్యరథం ఎక్కి వీథులలోకి వస్తాడు. పీఠం, స్తంభాలు, పైన శిఖరం - రథమంటే చక్రాలు గల గుడియే. గుడిలోకి పోలేని వృద్ధులకు, రోగులకు, ఒకప్పుడు లోనికి ప్రవేశమే లేనివారికి, దర్శనం వాకిటికే తెచ్చేది ఆ రథం. కోణార్కలో పదమూడవ శతాబ్దిలో సూర్యుని ఆలయానికి రాతిచక్రాలు చెక్కారు; హంపీలోని విఠలాలయం ముంగిట గరుత్మంతుని గుడిని రాతిరథంగానే మలిచారు. స్థిరంగా నిలిచే రాయి కదిలే కొయ్యబండిని అనుకరించడానికి పూనుకున్నదంటే, కదిలే ఇంటిపై ఈ దేశపు శిల్పులకు ఎంతటి గౌరవం ఉండేదో ఊహించవచ్చు.

అయితే దేవుడు ఏడాదికొకమారు వీథిలోకి వచ్చి మళ్లీ గుడికి చేరుకుంటాడు. తిరిగి చేరడానికి ఇల్లే లేనివారి సంగతి వేరు. లంబాడీలు, లేక సుగాలీలు, తరతరాలుగా ఎడ్లమందలపై ధాన్యం, ఉప్పు మోసి దక్కనునంతటినీ పోషించినవారు. టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధాలలో ఇంగ్లీషు సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది ఈ మందలే. వారి ఇల్లు చక్రాలకంటే ముందు ఎద్దు వీపుపై నడిచింది. తండా అంటే ముందు సాగిపోయే బిడారు; ఊరుగా నిలిచింది తరువాతి కాలాన. రైలు వచ్చిన తరువాత ఎద్దు వీపున ఉప్పు కొనేవారు లేకపోయారు. నేడు నల్లమల అంచున కనిపించే తండాలు ఆ పెద్ద ప్రయాణం ఆగిపోయిన చోట్లు.

నిత్యప్రయాణికుల చేతిపనికి ఒక ప్రత్యేకత ఉన్నది. అది తేలికగా ఉండాలి, ముడుచుకోవాలి, ఒంటిమీదనో, మూటలోనో ఇమడాలి. లంబాడీ స్త్రీ తన సంపదను పెట్టెలో దాచుకోలేదు. దాచడానికి గది ఉంటే కదా! అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగుదారాలు కలిపి రవికెమీద, పైటమీద కుట్టుకొని తన ఇంటి గోడల అలంకారాన్ని తానే ధరించి నడిచింది. నేడు అంగళ్లలో మురిపించే అద్దాల కుట్టుపని పుట్టుక ఇది. కర్ణాటకలోని సండూరు లంబాడీల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. ఎరుకలవారు బుట్టలు, తట్టలు అల్లడానికి అడవీ, చెరువుగట్టూ ఇచ్చే బద్దా, ఈనె చాలు. ముడిసరుకు దారిలోనే దొరుకుతుంది, సరుకు దారిలోనే అమ్ముడవుతుంది. తోలుబొమ్మలాటవారు రామాయణ భారతాల పాత్రలన్నిటినీ పలుచని తోలులో చెక్కి, రంగులద్ది, ఒకదానిపై ఒకటి పరచి ఒక్క పెట్టెలో సర్దుకునేవారు. దశకంఠుడంతటివాడు కూడ కాగితంవలె ఆ పెట్టెలో పడుకోవలసిందే. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో ఈ కళ నేటికీ జీవించి ఉన్నది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీతో గౌరవించారు.

ఇల్లునే కళగా మలచుకున్నవారు సురభి నాటకులు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో మొదలైన ఆ నాటకసమాజం కుటుంబాలుగా, శాఖలుగా పెరిగి, తెరలు, కిరీటాలు, దీపాలు, పిల్లాజెల్లలతో సహా ఊరినుండి ఊరికి తరలిపోయేది. తెర ముందు రాజప్రాసాదం, తెర వెనుక ఊయలలో పసిబిడ్డ. ఈ జీవితాలలో సొగసు లేదని ఎవరనగలరు? కాని ఆ సొగసంతా అవసరంనుండి పుట్టింది. కదలక తప్పనివారు ఆ కదలికనే కళగా దిద్దుకున్నారు. వారి ప్రతిభను మెచ్చుకునేటప్పుడు ఆ అవసరాన్ని మరువరాదు.

స్థిరంగా ఉన్న సమాజం ఈ సంచారులను మెచ్చిన దినాలకంటే శంకించిన దినాలే ఎక్కువ. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని చేసింది. అది 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడ వ్యాపించింది. ఒక తెగలో పుట్టడమే నేరంగా పరిగణించే ఈ చట్టం కింద ఎరుకలవారు, మరికొన్ని సంచారజాతులవారు పోలీసు రిజిస్టరులో పేరు నమోదు చేసుకొని, హాజరు పలుకవలసి వచ్చింది. బాపట్ల సమీపాన స్టూవర్టుపురం వంటి నిర్బంధ నివాసాలు ఏర్పడింది ఆ కాలాననే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. బుట్ట కొనడానికి వాకిట నిలిపిన చేతినే దొంగచేయిగా లెక్క వేసిన ఈ చరిత్ర పాఠ్యపుస్తకాలలో విపులంగా చెప్పదగినది. బడిలో ప్రతి ఉదయం పిలిచే హాజరుకూ, పోలీసుఠాణాలో పిలిచిన హాజరుకూ గల అంతరాన్ని ఉపాధ్యాయులకంటే ఎవరు బాగుగా వివరించగలరు?

ఉత్తరదేశంలోని గాడియా లోహారుల కథ కూడ ఇక్కడ స్మరించదగినది. వీరు నిజంగా బండినే ఇల్లు చేసుకున్న కమ్మరులు. వారి బండ్లకు చేసిన చెక్కడపుపనీ, ఇత్తడిపనీ చూపరులను కట్టివేస్తాయి. చిత్తోడుకోట 1568లో పతనమైనప్పుడు, కోట తిరిగి స్వతంత్రమయ్యేవరకు ఇంటికప్పు కింద నిద్రించబోమని పూర్వులు ప్రతిన పూనారని వారి విశ్వాసం. 1955 ఏప్రిల్‌లో ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ స్వయంగా ముందునడిచి వారిని ఆ కోటలోకి తోడ్కొనిపోయారు. దానితో ప్రతిన తీరింది. అయినా నేటికీ ఆ కుటుంబాలు అనేకం రోడ్ల ప్రక్కనే బండ్లు నిలుపుకొని జీవిస్తున్నాయి. కోట ద్వారం తెరిచినంతమాత్రాన భూమి, వృత్తి, బడి సమకూడవని ఈ ఉదంతం రుజువు చేస్తున్నది. ఉత్సవం ఒక దినంలో ముగుస్తుంది. పునరావాసానికి తరాలు పడుతుంది.

ఇక బండికి విరుద్ధమైన వస్తువు, కదలని కొండనుండి పుట్టిన వస్తువు, మార్కాపురం పలక. తెలుగు పిల్లలలో ఎన్నో తరాలవారు ఓనమాలు దిద్దింది ఈ సీమ రాతిమీద. నూరుకోట్ల సంవత్సరాలకు పూర్వం జలగర్భంలో పొరలుపొరలుగా పేరుకున్న సన్నని బురద, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి బిగిసి పలకరాయి అయింది. ఆ ఒత్తిడి వలననే ఆ రాయి ఒకే వాలుగా పలుచని రేకులై చీలుతుంది. ఉలిని ఏ కోణాన పెట్టాలి, దెబ్బ ఎంత బలంగా వేయాలి అన్నది చేతికి తెలియవలసిందే. ఒక దెబ్బ ఎక్కువైతే రేకు ముక్కలవుతుంది. చీల్చిన రేకును కొలతకు కోసి, నునుపుచేసి, చుట్టూ చెక్కచట్రం బిగిస్తే పలక సిద్ధం. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకొమ్మని ఓర్పుగా చెప్పే గురువు ఆ పలక. కాగితం చౌకగా దొరకడం మొదలయ్యాక, తేలికపాటి ప్లాస్టిక్ పలకలు వచ్చాక దాని గిరాకీ తగ్గిపోయింది. ఆ రాయి నేడు నేలకూ, గోడలకూ పరిచే బిళ్లలుగా దూరదేశాల ఇళ్లకు తరలిపోతున్నది.

ఈ పలక కథలో ఒక చేదు అధ్యాయం ఉన్నది. పిల్లల చదువుకోసం పలకలు చేసిన కార్ఖానాలలో పిల్లలే పనిచేశారు. ఎక్కడో ఒక బిడ్డ దిద్దుకోవడానికి ఇక్కడ ఒక బిడ్డ రాతిదుమ్ము పీల్చింది. రాతిదుమ్ము ఊపిరితిత్తులను ఎట్లు తినివేస్తుందో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలకబలపాల కార్మికుల బ్రతుకులు దేశానికి తెలియజేశాయి. 1986లో బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. 1987లో జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, 1988లో దేశంలో కొన్ని ప్రాంతాలను ఎంపిక చేసి పిల్లలను పనినుండి విడిపించి బడికి పంపే పథకాలను ప్రారంభించినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులతోపాటు మార్కాపురం పలకలు కూడ ఆ పట్టికకు ఎక్కాయి. చదువుకు చిహ్నమైన వస్తువే చదువు లేమికి ఉదాహరణగా నిలవడంకంటే విచారకరమైనది మరొకటి లేదు.

చేతిపనిని మెచ్చుకునేవారు ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. పిల్లలు పని నేర్వడం వేరు. పిల్లలచేత పని చేయించుకోవడం వేరు. 1937లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యాసభ, చేతిపని కేంద్రంగా చదువు సాగాలని నిర్ణయించినప్పుడు, చేయీ మెదడూ కలిసి పెరగాలన్నదే ఆశయం. బడిలో బుట్ట అల్లిన బాలుడు లెక్కలు, కొలతలు, చెట్ల పేర్లు, మనుష్యుల శ్రమ ఒక్కమారే నేర్చుకుంటాడు. కూలికి బుట్ట అల్లిన బాలుడు అలసి నిద్రపోతాడు. రెండు బుట్టలూ అంగడిలో ఒక్కవలెనే కనిపిస్తాయి. వాటి మధ్య తేడాను కొనేవారి కన్ను పట్టదు, కొనేవారి విచారణ మాత్రమే పట్టగలదు.

నేడు ఈ సీమలో కొత్త చక్రాల ఇల్లు ఒకటి తిరుగుతున్నది. దానికి గూడు లేదు, జంపఖానా లేదు. వాన ముఖం చాటేసిన ఏడు, ట్రాక్టరు తొట్టిలోనో, లారీలోనో బియ్యపుమూట, గిన్నెలు, దుప్పట్లు, కోళ్లగంప వేసుకొని, వాటిపై పిల్లలను కూర్చోబెట్టుకొని కుటుంబాలు కదులుతాయి. గుంటూరు ప్రాంతపు మిరపతోటల కోతకు కొందరు, హైదరాబాదు, బెంగుళూరు కట్టడాల పనికి కొందరు. పనిచోట నాలుగు కర్రలు పాతి పట్టా కప్పుకుంటే అదే ఇల్లు. పని ముగిస్తే ఇల్లు చుట్టుకొని తిరుగుదారి. ఈ ప్రయాణాన్ని ఏ ప్రదర్శనశాలా అద్దాల వెనుక పెట్టదు. వలసకు మూలకారణమైన నీటిఎద్దడిని తీర్చే ఆశతో తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు బడిలో చేరిన పిల్లలు నేడు తామే బిడ్డల తల్లిదండ్రులు. నీరు పారేనాటికై పొలం ఎదురుచూడవచ్చు. ఆరేళ్ల బిడ్డ వయస్సు మాత్రం ఎదురుచూడదు.

ట్రాక్టరులో కదిలిన బిడ్డ చదువు ఏమి కావాలి? ఈ సమస్య ఇక్కడ కొత్తగా పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు కాలువలమీద పడవలే ఇళ్లుగా వేలకొలది కుటుంబాలు జీవించేవి. ఆ పడవగదులకు గులాబీలు, కోటలు చిత్రించే అందమైన సంప్రదాయం ఉండేది. దానిని నేటికీ అక్కడి జానపద కళగా మెచ్చుకుంటారు. ఆ రంగుల తలుపు వెనుక పిల్లలు అక్షరం ముక్క రాకుండ పెరిగారు. కోల్‌విల్ వాసి జార్జి స్మిత్ అనే ఆయన, చిన్ననాట ఇటుకబట్టీలో మట్టి మోసినవాడు, మొదట ఇటుకబట్టీల పిల్లల కోసం, పిదప ఈ పడవపిల్లల కోసం పోరాడాడు. ఫలితంగా 1877లో కాలువపడవల చట్టం వచ్చింది. పడవ ఏ ఊరిలో నమోదైతే, చదువు విషయంలో ఆ పడవలోని బిడ్డ ఆ ఊరివాడే అని ఆ చట్టం నిర్దేశించింది. కదిలే ఇంటికి కూడ ఒక ఊరు, ఒక బడి ఉండాలన్న సూత్రం అందులో ఉన్నది. చట్టం రాగానే పిల్లలందరూ బడిలో చేరలేదు. అమలులో లోపాలను సవరించడానికి 1884లో మరొక చట్టం చేయవలసి వచ్చింది. కాని వారిని లెక్కలోకి తీసుకోవడం అక్కడ ఆరంభమయింది.

భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం ఇంతకంటే విశాలమైన మాట చెప్పింది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునే బాధ్యతను అది స్థానిక సంస్థలపై ఉంచింది. బదిలీపత్రం ఆలస్యమైనదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని శాసించింది. వయస్సుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కోరింది. తల్లిదండ్రులు వలసపోయిన కాలానికి పిల్లలను ఊళ్లోనే ఉంచుకునే తాత్కాలిక వసతిగృహాలు కూడ నడిచాయి. చట్టం వాకిటివరకే తీసుకురాగలదు. నడి సంవత్సరంలో, సగం పాఠాలు ముగిసిన తరువాత, పుస్తకం లేకుండ, బట్టలకు మిరపఘాటుతో వచ్చి గుమ్మంలో నిలిచిన బిడ్డను "రా, కూర్చో" అని పిలవవలసింది ఉపాధ్యాయుడే. ఆ ఒక్క పిలుపులో చట్టమంతా ఇమిడి ఉన్నది.

అట్టి బిడ్డ వట్టి చేతులతో రాదు. ఏ నేలలో ఏ పంట పండుతుందో, ఎన్ని దినాలకు ఎంత కూలి వస్తుందో, ఏ ఊరికి ఎన్ని మైళ్లో తరగతిలోని వారందరికంటే దానికి బాగుగా తెలుసు. తండ్రి వడ్రంగి అయితే కొయ్య పేర్లు, తల్లి మేదరిది అయితే అల్లికల పేర్లు దాని నోట ఉంటాయి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటాన్ని ప్రచురించింది. పండితులు పల్లెలకు పోయి రైతుల నోటినుండి పదాలను ఏరి తెచ్చిన మహాకార్యమది. అట్టి పనిని ఒక చిన్న పరిమాణంలో ప్రతి ఉన్నత పాఠశాలా చేయవచ్చును. గూడుబండికి ఎన్ని భాగాలు, ఒక్కొక్కదానికి ఈ ఊళ్లో ఏమి పేరు, ఆ పని తెలిసిన ముసలివారు ఎవరున్నారు? పలకరాయిని చీల్చేటప్పుడు పనివారు వాడే మాటలేవి? దక్షిణాన నెల్లూరు సీమలోని ఉదయగిరి కొయ్యగరిటెల పనివారు నర్ది, బిక్కి, కల్ది కొయ్యలను ఎందుకు ఎంచుకున్నారు? ఈ ప్రశ్నలు విద్యార్థులను పెద్దల వద్దకు నడిపిస్తాయి. ఎవరి పేరూ వినని పనివాని వాకిట ఒక తరగతి పిల్లలు నోటుపుస్తకాలతో కూర్చున్ననాడు, అతనికి ఏ ప్రదర్శనలోనూ దొరకని గౌరవం దొరుకుతుంది.

చేతిపనులు నిలవాలంటే కొనేవారు ఉండాలి, నిజమే. న్యాయమైన ధర ఇచ్చి కొనడం మొదటి ధర్మం. బేరమాడి తగ్గించిన ప్రతి రూపాయీ ఆ పనివాని బిడ్డ పుస్తకంనుండి తీసినదని కొనేవారు గ్రహించాలి. కాని కొనుగోలుతోనే కళ నిలవదు. పని నేర్చిన తండ్రి, చదువు నేర్చిన కొడుకును చూచి సిగ్గుపడకుండా, చదువుకున్న కొడుకు తండ్రి పనిని చూచి సిగ్గుపడకుండా ఉండే కాలం రావాలి. అప్పుడు బుట్ట అల్లడమా, మానడమా అన్నది ఆ కుటుంబం స్వేచ్ఛగా చేసుకునే నిర్ణయం అవుతుంది. నేడు చాలమందికి ఆ స్వేచ్ఛ లేదు. కదలడంలోనూ అంతే. ఇష్టపడి కదిలేవాని బండి విహారం; ఇల్లు గడవక కదిలేవాని బండి వలస. రెండింటికీ చక్రాలు ఒక్కటే.

ఈ సీమ ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. దేశానికి పలకలు అందించిన నేల ఇది. దేశానికి దారులు తెరిచిన బిడారులు నడిచిన నేల కూడ ఇదే. బడి తెరిచిన దినాన హాజరుపట్టీలో పేర్లు వ్రాసుకునేటప్పుడు, ఊరి చివర పట్టాల కింద ఎన్ని కుటుంబాలు దిగాయో, తండానుండి ఎవరు రాలేదో, గత ఏడు రెండవ తరగతిలో ఉండి మిరపకోతకు పోయిన బిడ్డ తిరిగి వచ్చిందో లేదో విచారించడం ఆ దినపు మొదటి పాఠం కావాలి. పట్టీలో ఆ పేరు కింద ఒక గడి ఖాళీగా ఉన్నంతకాలం, ఎంత అందమైన చేతిపనిని గురించి చెప్పే పాఠమైనా అసంపూర్ణమే.